షార్ట్ సేల్‌లో క్లోజింగ్ ఖర్చులు ఎవరి మీద పడతాయి?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, ఆస్టిన్ దగ్గర లీండర్‌లో ఉంటాం. 2022లో ధరలు బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ఇల్లు కొన్నాం. నా ఉద్యోగం పోయింది, ఇప్పుడు ఒక్కరి జీతమే. లోన్ బాకీ 4,60,000 డాలర్లు, వచ్చిన ఆఫర్ 4,00,000. షార్ట్ సేల్‌కి, అంటే బాకీ కంటే తక్కువకే ఇల్లు అమ్మనివ్వడానికి, బ్యాంకు ఒప్పుకునేలా ఉంది. కానీ కొనేవాళ్ల ఏజెంటు క్లోజింగ్ ఖర్చులు (అమ్మకం పూర్తయ్యేటప్పుడు కట్టేవి) మేమే కట్టాలంటున్నారు. మా దగ్గర అంత లేదు. నాన్నగారు గుంటూరులో స్థలం అమ్మి పంపిస్తానంటున్నారు. పంపించమనాలా?

జవాబు: ముందు నాన్నగారికి ఫోన్ చేసి, స్థలం అమ్మే పని ఆపమనండి. షార్ట్ సేల్‌లో అమ్మేవాళ్ల తరఫు ఖర్చులు మామూలుగా ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్ములోంచే పోతాయి. ఆ సొమ్ము ఎలాగూ బ్యాంకుకే చేరాల్సింది కాబట్టి, కాగితం మీద ఖర్చు మీ పేరున కనిపించినా తగ్గేది బ్యాంకుకు వచ్చే మొత్తం.

మీ అంకెలతోనే చూద్దాం, ఉజ్జాయింపుగా. ఏజెంట్ల కమిషన్ మొత్తం అయిదు శాతం అనుకుంటే 20,000. ఈ ఏడాది ప్రాపర్టీ టాక్స్‌లో మీరు ఆ ఇంట్లో ఉన్న నెలల వాటా 6,000 దాకా ఉండొచ్చు. టెక్సస్‌లో ఈ పద్దు పెద్దదే. ఓనర్ టైటిల్ పాలసీ (కొనేవాళ్ల యాజమాన్య హక్కుకు బీమా), అమ్మకం కాగితాలు, డబ్బు చూసే టైటిల్ కంపెనీ ఫీజు, చిల్లర ఖర్చులు కలిపి ఇంకో 4,000. అమ్మకం మీద ట్రాన్స్‌ఫర్ టాక్స్ టెక్సస్‌లో లేదు, అదొక ఊరట. ఈ 30,000 పోను బ్యాంకుకు 3,70,000 వెళ్తుంది. మీ చేతికి ఏమీ రాదు, మీరు పెట్టేదీ ఉండదు.

కొనేవాళ్లు లోన్ తీసుకుంటే దాని ఫీజులు, అప్రైజల్ (ఇంటి విలువ కట్టడం), ఇన్‌స్పెక్షన్ వాళ్లవే. 2024 ఆగస్టు 17 నుంచి ఏజెంట్ల కమిషన్ నిబంధనల్లో అమల్లోకి వచ్చిన మార్పుల వల్ల కొనేవాళ్లు ఇళ్లు చూడకముందే తమ ఏజెంటు కమిషన్ ఎంతో రాసుకుని సంతకం పెడుతున్నారు. వాళ్లు మూడు శాతానికి ఒప్పుకున్నారు, మీ బ్యాంకు రెండు శాతమే ఇస్తానంది అనుకోండి. ఆ తేడా వాళ్లూ వాళ్ల ఏజెంటూ తేల్చుకోవాల్సింది. మీతో ఆ ఏజెంటు చేసుకున్న ఒప్పందం ఏదీ లేదు. హోమ్ వారంటీ, రిపేర్లు, చెదల మందులాంటివి బ్యాంకులు తరచుగా ఒప్పుకోవు. అవి కావాలంటే కొనేవాళ్లు పెట్టుకోవాలి. హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) బకాయిలుంటే మాత్రం ఇప్పుడే టైటిల్ కంపెనీకి చెప్పండి. బ్యాంకు అందులో కొంతే ఒప్పుకుంటే, మిగతాదాని దగ్గర డీల్ ఇరుక్కుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ ప్రశ్నలో ఇది లేదు, కానీ నాకు ఎక్కువ బెంగ దీని మీదే. బాకీ 4,60,000, బ్యాంకుకు చేరింది 3,70,000. మిగిలిన 90,000 ఏమైనట్టు? దాన్ని వదులుకుంటున్నామని బ్యాంకు రాసివ్వకపోతే, రేపు మీ మీద దావా వేయొచ్చు. అప్పుడు బ్యాంకు భరించిందనుకున్న ఆ 30,000 కూడా మీ నెత్తినే పడుతుంది. కాలిఫోర్నియాలో 2011 నుంచి సివిల్ ప్రొసీజర్ కోడ్ 580ఇ సెక్షన్ ఉంది. దాని ప్రకారం, బ్యాంకు ఒప్పుకుని జరిగిన షార్ట్ సేల్ తర్వాత మిగిలిన బాకీ అడగకూడదు, ఒప్పుకోవడానికి పైన డబ్బు ఇమ్మనకూడదు. టెక్సస్‌లో షార్ట్ సేల్‌కి అలాంటి రక్షణ లేదు. టెక్సస్ ప్రభుత్వ రియల్ ఎస్టేట్ కమిషన్ ఇచ్చే షార్ట్ సేల్ అడెండమ్‌లో (ఒప్పందానికి జతచేసే కాగితంలో), బ్యాంకు వచ్చిన సొమ్ముతో బాకీ పూర్తిగా తీరినట్టు ఒప్పుకుంటేనే ఒప్పందం చెల్లుతుందని ఉంటుంది. అది మీకూ కొనేవాళ్లకూ మధ్య కాగితం మాత్రమే. అదే మాట బ్యాంకు అప్రూవల్ లెటర్‌లోనూ ఉండాలి. తాకట్టు విడుదల చేస్తామని మాత్రమే రాస్తే సరిపోదు, బాకీ మాఫీ చేస్తున్నామని వేరుగా ఉండాలి. లేకపోతే సంతకం పెట్టకుండా లాయర్‌కి చూపించండి.

నాన్నగారి డబ్బు వద్దనడానికి ఇంకో కారణం, మీరు ఇబ్బందిలో ఉన్నారని చూపడానికి బ్యాంకు మీ అకౌంట్ స్టేట్‌మెంట్లు తీసుకుంటుంది. అందులో ఉన్నట్టుండి పెద్ద మొత్తం పడితే ఎక్కడిదని అడుగుతారు. మీ వాటాగా కొంత కట్టమని, లేదా ప్రామిసరీ నోటు రాయమని అడిగే వీలుంటుంది. ఆ డబ్బు నిజంగా వస్తే దాచకండి, అబద్ధం చెప్పకండి. అవసరం లేనప్పుడు తెప్పించుకోవద్దనే నా మాట.

ఎవరైనా “ఈ మూడు వేలు విడిగా చెక్కు ఇచ్చేయండి, స్టేట్‌మెంట్‌లో వద్దు” అంటే ఒప్పుకోకండి. ప్రతి డాలరూ సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్‌లో (క్లోజింగ్ లెక్కల కాగితంలో) కనపడాలి. బ్యాంకుకు తెలియకుండా చేతులు మారే డబ్బు ఫెడరల్ నేరం కిందకు వస్తుంది. బ్యాంకుతో మాట్లాడి పెడతామంటూ ముందే ఫీజు అడిగే కంపెనీలకూ దూరంగా ఉండండి. బ్యాంకు రాతపూర్వక ఆఫర్ తెచ్చి, దానికి మీరు ఒప్పుకునేదాకా అలాంటి కంపెనీలు డబ్బు తీసుకోకూడదని ఫెడరల్ రూల్ ఉంది.

బాకీ మాఫీ అయితే బ్యాంకు 1099-సి ఫారం పంపుతుంది, ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్ను శాఖ) ఆ మాఫీ మొత్తాన్ని ఆదాయంగా చూస్తుంది. ఆ నాటికి మీ అప్పులు ఆస్తుల కంటే ఎక్కువుంటే ఫారం 982 వేసి, ఎంత ఎక్కువున్నాయో అంతవరకు మినహాయింపు అడగొచ్చు. క్లోజింగ్‌కి ముందే సీపీఏతో (లైసెన్సున్న అకౌంటెంట్‌తో) కూర్చోండి.

చివరగా, అప్రూవల్ లెటర్‌లో గడువు తేదీ, బ్యాంకుకు చేరాల్సిన కనీస మొత్తం చూడండి. క్లోజింగ్ రెండు వారాలు ఆలస్యమైతే టాక్స్‌లో మీ వాటా పెరిగి ఆ మొత్తానికి మూడు నాలుగు వందలు తక్కువ పడొచ్చు. అప్పుడు ఆ తేడా మిమ్మల్ని తెచ్చుకోమంటారు. డబ్బు తీయకండి, సవరించిన అంకెలతో బ్యాంకు నుంచి కొత్త అప్రూవల్ తెప్పించమని టైటిల్ కంపెనీని ఈమెయిల్‌లో అడగండి.