కెమెరా పనికి వెళ్తానంటున్న మేనల్లుడికి

విజయనగరం

చిన్నా,

కెమెరా డిపార్ట్‌మెంట్‌లో చేరతానని పట్టుబట్టావట, మీ అమ్మ ఫోన్ చేసింది. తనకి ఒకటే టెన్షన్. నాకు మాత్రం చాలా సంతోషంగా ఉంది. మద్రాసులో క్లాప్ కొట్టడంతో మొదలుపెట్టి, షాటు నడుస్తుండగా లెన్స్ ఫోకస్ సరిచేసే ఫోకస్ పుల్లర్‌గా, ఆపైన కెమెరా నడిపే ఆపరేటివ్ కెమెరామన్‌గా ముప్ఫై ఏళ్లకు పైగా చేశాను. అందుకే ఈ ఉత్తరం.

లైటింగ్, లెన్స్ నిర్ణయించేది కెమెరామన్. ఫ్రేము నిలబెట్టేది ఆపరేటర్. ఆర్టిస్టు కుర్చీలోంచి లేచాక టిల్ట్ చేశావంటే, అంటే కెమెరా పైకెత్తావంటే, ఫ్రేములో తల తెగిపోతుంది. లేచే ముందు అరచేతులు మోకాళ్ల మీదకి వస్తాయి, ఒళ్లు కాస్త ముందుకు వంగుతుంది. నీ చెయ్యి అప్పుడే కదలాలి. రిహార్సల్లో డైలాగు వింటూ కూర్చోకు, మనిషి భుజాలు చూడు. కుడికన్ను ఐపీస్‌లో, అదే కెమెరాలోంచి చూసే గొట్టంలో, ఉన్నా ఎడమకన్ను మూయొద్దు. ఫ్రేములోకి ఎవరు రాబోతున్నారో ఆ కన్నే చెబుతుంది.

మా రోజుల్లో 400 అడుగుల ఫిల్ము రోలు నాలుగున్నర నిమిషాల్లోపే అయిపోయేది. మానిటర్ లేదు. కన్ను ఐపీస్‌కి గట్టిగా ఆనించకపోతే అటునుంచి వెలుగు దూరి నెగెటివ్ పాడయ్యేది. కట్ అనగానే డైరెక్టరు నా మొహంలోకి చూసేవాడు, ఎలా వచ్చిందని. షాటు చూసినవాణ్ని నేనొక్కణ్నే మరి.

ఒకసారి పొద్దుపోయింది, అందరూ అలిసిపోయారు. షాటు చివర్లో ఫోకస్ జారిందని నాకు అనుమానం వచ్చింది. అయినా ఓకే అనేశాను. ల్యాబ్ నుంచి కడిగి వచ్చిన రషెస్‌లో చూస్తే హీరోయిన్ కళ్లు మసక, వెనక గోడ మీది క్యాలెండర్‌లో తేదీలు మాత్రం స్పష్టంగా చదవొచ్చు. అప్పటికే సెట్టు విప్పేశారు. తిట్లు తిన్నది ఫోకస్ పుల్లర్, నీ వయసు కుర్రాడు. నాకు ముందే అనుమానం వచ్చిందని ఆ రోజు అందరి ముందూ చెప్పలేకపోయాను. ఇప్పటికీ ఆ పిల్లాడి మొహం గుర్తొస్తుంది. ఇవాళ మానిటర్ ముందు పదిమంది కూర్చుంటున్నా చిన్న తేడా తప్పించుకుపోతుంది. అనుమానం వస్తే వెంటనే 'ఇంకోటి చేద్దాం సార్' అను. ఎంత పెద్ద ఆర్టిస్టు ఉన్నా సరే.

డబ్బు సంగతీ చెప్పాలి. పని లేని నెలలు తప్పవు. డిగ్రీ పూర్తి చేసే వెళ్లు, ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకో. నడుము జాగ్రత్త.

ఈలోగా ఒక పని చెయ్యి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. ఆ పొడవాటి మాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది కదా, మొదటిసారి ఊరికే చూడు. మాను ఎటు వాలుతోందో, ఎక్కడ ఆగుతోందో గమనించు. రెండోసారి ఫోన్ తీసి, మాను కొసన కూర్చున్న పూజారిని ఫ్రేములో నిలుపు. ఊగినప్పుడల్లా వెంటపడితే నీ ఫ్రేమూ ఊగుతుంది. వాలబోయే వైపు ముందే కాస్త చోటు వదులు. మూడోసారికి చెయ్యి నెమ్మదిస్తుంది.

ముందురోజే వచ్చెయ్. మూడు లాంతర్ల కూడలి దగ్గర తెలిసినవాళ్ల మేడ మీద చోటు అడిగి ఉంచుతాను.

మీ మావయ్య