విండోస్ 11 ఎక్కినట్టే ఎక్కి వెనక్కి వచ్చేస్తోంది, ఫార్మాట్ కొట్టాల్సిందేనా?

ప్రశ్న: నమస్తే సార్. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాల షాపు నడుపుతున్నాను. ల్యాప్‌టాప్ 11వ తరం ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. పీసీ హెల్త్ చెక్‌లో విండోస్ 11కి పనికొస్తుందనే వస్తోంది. తీరా అప్‌గ్రేడ్ పెడితే సగం దాకా పోయి, రీస్టార్ట్ అయ్యి, కాసేపు నల్ల తెర మీద ఆగి, మళ్లీ విండోస్ 10కే వచ్చేస్తోంది. ఎర్రర్ 0ఎక్స్‌సి1900101, దాని పక్కన 0ఎక్స్20017 అని ఉంది. నెట్ అంతా ఫోన్ హాట్‌స్పాట్ మీదే, ప్రతిసారీ డేటా గోవిందా. రిపేరు షాపులో ఫార్మాట్ కొట్టాలంటున్నారు. అందులో పాత మరాఠీ టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, డాంగిల్ (అది తెరుచుకోవాలంటే యూఎస్‌బీకి పెట్టే తాళం లాంటి ముక్క) ఉంది గానీ సీడీ పోయింది. వేలిముద్రల మిషన్, పాత ప్రింటర్ కూడా దీనికే పెట్టాను. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఫార్మాట్ వద్దు. మీ ఫైళ్లను కాపీ చేసి దాచుకోవచ్చు గానీ ఇన్‌స్టాల్ అయి ఉన్న ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను అలా దాచలేరు, సీడీ లేకుండా మళ్లీ ఎక్కించడం కష్టం.

మీరు రాసిన నంబర్‌లోనే సగం జవాబు ఉంది. మొదటి భాగం, అంటే 1900101తో ముగిసేది, దాదాపు ఎప్పుడూ డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్) గొడవే. రెండో భాగంలో ఎక్స్ తర్వాత వచ్చే మొదటి అంకె ఏ దశలో ఆగిందో చెబుతుంది. 2 అంటే మొదటి రీస్టార్ట్ తర్వాత సెటప్ తన చిన్న సిస్టమ్‌తో పని మొదలుపెట్టే దశ, 3 అంటే కొత్త విండోస్ మొదటిసారి బూట్ అయ్యేటప్పుడు, 4 అంటే ఆ తర్వాతి బూట్‌లో. మీది 2 దగ్గరే ఆగింది. కాబట్టి ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసినా అక్కడే ఆగుతుంది, డేటా తగలేయడం తప్ప లాభం లేదు.

మీ షాపులో ఉన్న సామాను చూస్తే నాకు ముందు అనుమానం డాంగిల్ డ్రైవర్ మీద, తర్వాత వేలిముద్రల మిషన్ మీద. చాలామంది యూఎస్‌బీ నుంచి పీకేసి అయిపోయిందనుకుంటారు, వస్తువు బయటికి వచ్చినా డ్రైవర్ లోపలే ఉంటుంది. విండోస్ ఫోల్డర్‌లో లాగ్స్, అందులో సెటప్‌డయాగ్ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. అప్‌గ్రేడ్ ఫెయిలైనప్పుడు కారణాన్ని విండోస్ చాలాసార్లు అక్కడ ఒక ఫైల్‌లో రాసి పెడుతుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏ డ్రైవరో పేరుతో సహా దొరకొచ్చు. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్ లోకి వెళ్లి మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ చేయబోతే సరిపడని పాత డ్రైవర్ల జాబితా వస్తుంది, అది కూడా మంచి ఆధారమే.

డాంగిల్ డ్రైవర్‌ను తీసేసే ముందు ఒక పని తప్పకుండా చేయండి: డాంగిల్ తయారుచేసిన కంపెనీ సైట్‌లో విండోస్ 11కి పనికొచ్చే కొత్త డ్రైవర్ ఉందో లేదో చూడండి. ఉంటే దించుకుని పెట్టుకుని, అప్పుడు పాతది అన్‌ఇన్‌స్టాల్ చేయండి. లేకపోతే అప్‌గ్రేడ్ సంగతి పక్కన పెట్టండి, ఎందుకంటే 11 ఎక్కినా మీ మరాఠీ టైపింగ్ తెరుచుకోదు, ఆ పాత ఫాంట్లు కూడా పనిచేయకపోతే వాటిలో కొట్టిన దరఖాస్తులు అర్థంలేని అక్షరాల్లా కనిపించొచ్చు. (ఇకమీదట కొత్తవి యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతిలో, కొట్టడం మొదలుపెట్టండి, ఈ డాంగిల్ బాధ ఎప్పటికీ ఉండకూడదంటే అదే దారి.)

డ్రైవర్ దొరికితే ముందు ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. వేలిముద్రల మిషన్ సాఫ్ట్‌వేర్, విడిగా వేసుకున్న యాంటీవైరస్ ఉంటే అది, రెండూ తీసేయండి. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే లోపలి సాఫ్ట్‌వేర్), డ్రైవర్లు కొత్తవి వేసి, సి డ్రైవ్‌లో 30 జీబీ దాకా ఖాళీ చేయండి. మౌస్ తప్ప ఇంకేమీ తగిలించి ఉండకూడదు.

డౌన్‌లోడ్ మాత్రం హాట్‌స్పాట్ మీద వద్దు. మంచిర్యాలకో చంద్రపూర్‌కో వెళ్లే పని ఉంటే, బ్రాడ్‌బ్యాండ్ ఉన్న తెలిసినవాళ్ల ఇంట్లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఐఎస్ఓ ఫైల్ (విండోస్ 11 సెటప్ అంతా ఉండే ఒకే ఫైల్) ఒక్కసారి దించుకోండి. 5 జీబీ దాటుతుంది, మామూలుగా వచ్చే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, అందుకని ముందే ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి. తెచ్చిన ఐఎస్ఓని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి, విండోస్ 10 నడుస్తుండగానే డబుల్ క్లిక్ చేసి లోపలి సెటప్ నడపండి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయొద్దు, అలా చేస్తే ప్రోగ్రాములు మిగలవు. అప్‌డేట్లు ఇప్పుడే దించాలా అంటే వద్దనండి, ఫైళ్లు, యాప్‌లు ఉంచాలనే ఆప్షన్ ఎంచుకోండి. కరెంటు మీద నమ్మకం లేకపోతే చార్జర్‌ను ఇన్వర్టర్‌కే పెట్టండి.

అప్పటికీ ఆగితే కొత్త నంబర్ రాసి పంపండి. 2 కాస్తా 3 లేదా 4 అయితే ముందుకు జరిగినట్టే.

ప్రశ్న: నాది 6వ తరం ఐ5. సపోర్ట్ లేదని వస్తోంది. బైపాస్ చేసి ఎక్కించొచ్చని ఫ్రెండ్ అంటున్నాడు. చేయనా? (రాజురా, చంద్రపూర్ జిల్లా)

జవాబు: ఎక్కుతుంది గానీ అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఇంటెల్‌లో వాళ్ల జాబితా దాదాపుగా 8వ తరం నుంచే మొదలవుతుంది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అయితే 22హెచ్2 వెర్షన్ ఉండి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినవాళ్లు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరొచ్చు, అది 2026 అక్టోబర్ 13 వరకు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు ఉంటుంది, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ముందు అందులో చేరండి.