మైనర్ తీసుకునే ముందు ల్యాబ్ రోజులు చూసుకోండి

ప్రశ్న: బీటెక్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నాను. నాలుగో సెమిస్టర్ నుంచి డేటా సైన్స్ మైనర్ (మేజర్, అంటే ప్రధాన కోర్సుతో పాటు అదనంగా చదివే రెండో విభాగం) చేయాలనుంది. సీజీపీఏ పడిపోతుందేమోనని ఇంట్లో భయపడుతున్నారు. రెండూ నెట్టుకురాగలనా?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: నెట్టుకురావచ్చు. ముందు లెక్క చూడండి. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నమూనా ప్రకారం బీటెక్‌కు 160 క్రెడిట్లు, మైనర్‌కు అదనంగా 18 నుంచి 20. అంటే మూడేసి క్రెడిట్ల పేపర్లు ఆరేడు. మేజర్‌లో లెక్కకొచ్చిన సబ్జెక్టును సాధారణంగా మైనర్‌లో మళ్లీ చూపనివ్వరు కాబట్టి, స్టాటిస్టిక్స్ ఇప్పటికే చదివాను, ఒకటి తగ్గుతుందిలే అనుకోకండి.

ఈ పేపర్లను సెమిస్టర్లకు సమంగా పంచొద్దు. ఐదు, ఆరు సెమిస్టర్లలో మురుగునీటి శుద్ధి, వాయు కాలుష్యం, వాటి ల్యాబులు ఒక్కసారిగా మీద పడతాయి. వీలైతే నాలుగులో రెండు, ఐదు ఆరుల్లో ఒక్కోటి, ఏడులో మిగతావి పెట్టుకోండి. ఎనిమిదిని ప్రాజెక్టుకు వదిలేయండి.

చాలాచోట్ల మైనర్ గ్రేడ్లను ప్రధాన సీజీపీఏలో కలపరు. దెబ్బ పడితే అది మైనర్ తినేసే ల్యాబ్ సమయం వల్లే. నీటిలోని సేంద్రియ మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో కొలిచే బీఓడీ పరీక్షనే తీసుకోండి. మన దేశంలో ఆ నీటి నమూనాల సీసాలను 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచుతారు. బుధవారం పెడితే శనివారం తీయొచ్చు. గురువారం పెడితే గడువు ఆదివారానికి పడుతుంది, ఆ రోజు ల్యాబుకు తాళం. సోమవారం తీస్తే వచ్చేది నాలుగు రోజుల విలువ, ప్రయోగం మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. అందుకే సీసాలు పెట్టే రోజున, తీసే రోజున ల్యాబ్ వేళకు మైనర్ క్లాసు అడ్డం రాకుండా చూసుకోండి.

అయినా కుదరకపోతే, యూనివర్సిటీ ఒప్పుకుంటే, ఆ పేపరును ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో చేయండి. 12 వారాల కోర్సులో మెరుగైన 8 అసైన్‌మెంట్ల సగటుకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75. పాసవ్వాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా రావాలి. వదిలేసే వీలున్న నాలుగు అసైన్‌మెంట్లనూ మొదటి నెలలోనే ఖర్చు చేసుకోకండి, మిడ్ పరీక్షల వారాలకు దాచుకోండి.

మైనర్ ప్రాజెక్టుకు మేజర్ డేటానే వాడండి, శ్రమ సగం కలిసొస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్లో విశాఖ, హైదరాబాద్ స్టేషన్ల పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి కణాలు) రీడింగులు గంటల వారీగా దొరుకుతాయి. మధ్యలో ఖాళీలుంటాయి. వాటిని సున్నాతో నింపారా, సగటు పడిపోయి మురికి గాలి కూడా శుభ్రంగా కనిపిస్తుంది. 24 గంటల ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) లెక్కకు కనీసం 16 గంటల రీడింగులుండాలి. అంతకన్నా తక్కువున్న రోజులను కోడ్‌లోనే పక్కన పెట్టేయండి.

రిజిస్టరయ్యే ముందు మీ కాలేజీ రెగ్యులేషన్స్‌లో రెండు సంగతులు వెతకండి: బ్యాక్‌లాగ్ వస్తే మైనర్ రద్దవుతుందా, మధ్యలో మానేస్తే సంపాదించిన క్రెడిట్లు ఏమవుతాయి? ఐదో సెమిస్టర్‌లో మేజర్ పేపరు ఒక్కటి పోయినా, మొహమాటపడకుండా మైనర్‌నే వదిలేయండి.