మళ్లీ సైకిలెక్కినప్పుడు ఊపిరి ముందొస్తుంది, మోకాళ్లు వెనకొస్తాయి

32 ఏళ్ల దాకా రోడ్డు సైకిల్ మీద వారానికి 200 కిలోమీటర్లు తొక్కేవారు, ఉద్యోగం, పిల్లల పనుల్లో పడి ఆగిపోయింది, ఇప్పుడు 44. పాత సైకిల్ ఇంట్లోనే ఉంది. దాన్నే బాగుచేసుకోవాలా, కొత్తది కొనాలా, పాత స్థాయికి ఎన్నాళ్లలో వస్తాను అని మీరు అడిగారు. నేనూ దాదాపు అంతే ఎడం తర్వాత, ఇంచుమించు మీ వయసులోనే మళ్లీ మొదలుపెట్టాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. పాత సైకిల్‌తోనే మొదలుపెట్టండి. పోయిందనుకున్నదాంట్లో చాలా భాగం తిరిగొస్తుంది. అయితే అన్నీ కలిసి రావు. ముందు ఊపిరి వస్తుంది. తర్వాత కాళ్లలో బలం. ఆ తర్వాతెప్పుడో మోకాళ్లు, నడుము, మెడ, సీటు మీద గంటల తరబడి కూర్చునే ఓర్పు. నేను చూసినంతలో, ఉత్సాహంగా తిరిగొచ్చినవాళ్లు రెండు మూడు నెలలకే మానేశారంటే దానికి బద్ధకం కారణం కాదు. ఊపిరికీ మోకాలికీ మధ్య ఉన్న ఈ ఎడమే కారణం.

ఊపిరి ఎందుకు ముందొస్తుందో తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. 1984లో వ్యాయామ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాయిల్ బృందం బాగా సాధన చేసిన క్రీడాకారుల చేత సాధన మాన్పించి చూసింది. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్, అంటే వీఓటూ మ్యాక్స్, మూడు వారాలకే 7 శాతం పడిపోయింది. పన్నెండు వారాలకు 16 శాతం. మొదట్లో అంత త్వరగా పడడానికి కారణం కండ కరగడం కాదు. రక్తంలో ద్రవభాగం తగ్గి, గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం తగ్గడం. మీది పన్నెండు వారాలు కాదు, పన్నెండేళ్లు కాబట్టి ఆ శాతాలు మీకు అతకవు. కానీ తిరుగు ప్రయాణం మాత్రం అదే దారిలో ఉంటుంది. తొక్కడం మొదలెట్టిన కొద్ది రోజుల్లోనే ఆ ద్రవభాగం మళ్లీ పెరుగుతుంది. రెండు మూడు వారాలు గడిచేసరికి, మొదటిరోజు ఆయాసపడ్డ చోట మాట్లాడుకుంటూ వెళ్లిపోతారు. ఒళ్లు మరిచిపోలేదే అనిపిస్తుంది. ఆ సంతోషం నిజమైనదే, మనసారా అనుభవించండి. కానీ మోకాలి చిప్పను కింది ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కు ఆ కబురు ఇంకా అందలేదు. టెండన్లకు రక్తప్రసరణ తక్కువ. అవి బరువుకు అలవాటు పడడానికి నెలలు పడుతుంది.

నాకిది ఒక ఎక్కుడు మీద తెలిసొచ్చింది. పాత రోజుల్లో ఎన్నోసార్లు ఎక్కిన రోడ్డే. చెయ్యి తనంతట తానే పాత గేరు దగ్గర ఆగింది. ఊపిరి బాగానే అందుతోంది. కానీ కుడి పెడల్ కిందికి దిగిన ప్రతిసారీ మోకాలి చిప్ప కింద సూది మొన ఆనించినట్టు సన్నటి పోటు. రెండు గేర్లు తగ్గించి కాలు త్వరగా తిప్పగానే అది మాయమైంది. అప్పటి నుంచి ఎంత తొక్కాలో, ఎంత గట్టిగా తొక్కాలో నాకు మోకాలే చెబుతోంది. తొక్కిన మర్నాడు పొద్దున మెట్లు దిగి చూసుకుంటాను. ఏమీ తెలియకపోతే సరే. చిప్ప దగ్గర పట్టేసినట్టుంటే ఆ రోజు సెలవు, తర్వాతిసారి ఇంకా తేలిక గేరు.

అందుకే అన్నిటికన్నా ముందు గేర్ల సంగతి చూడమంటున్నాను. ఆ కాలపు రోడ్డు సైకిళ్లకు చాలావాటికి ముందు పెడల్స్ దగ్గర 53, 39 పళ్ల చైన్‌రింగులు, అంటే చైను తిరిగే పళ్ల చక్రాలు, వెనక పెద్ద పల్లేనికి 25 పళ్లు ఉండేవి. 39కి 25 అంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 3.3 మీటర్లు కదలాలి. అదే ముందు 34, వెనక 32 ఉంటే 2.2 మీటర్లే. ఎక్కుడులో మోకాలి మీద పడే భారంలో ఇది ఎంత తేడానో ఒకసారి తొక్కితే తెలుస్తుంది. ముప్పైల్లో 39తో ఎక్కినవాళ్లం ఇప్పుడు 34 పెట్టుకోవడమేంటని అనుకోకండి. ఈ రోజుల్లో ప్రొఫెషనల్ రేసర్లు కూడా కొండ దశల్లో అప్పటికన్నా చాలా తేలిక గేర్లు వాడుతున్నారు. కాళ్లు నిమిషానికి 80 నుంచి 90 చుట్లు తిరిగేలా చూసుకోండి. మీటరు అక్కర్లేదు. కుడి మోకాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెడితే 20కి పైన ఉండాలి, అంతే.

మొదటి రెండు నెలలు వారానికి మూడు నాలుగు సార్లు, ముప్పావుగంట నుంచి గంటన్నర దాకా, పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా తొక్కండి. ఆదివారం ఒక్కరోజే వెళ్లి నాలుగు గంటలు తొక్కేయడం కన్నా ఇదే మేలు చేస్తుంది. ముందు సమయం పెంచండి, వేగం సంగతి తర్వాత. నేను మీటరులో వేగం కనిపించే పేజీ తీసేసి గడియారం ఒక్కటే ఉంచుకున్నాను. తొక్కిన లెక్కలు దాచుకునే స్ట్రావా యాప్‌లో పాత టైములు ఉంటే ఇప్పుడే తెరవకండి. ఎంత శ్రమకు గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో చెప్పే పాత హార్ట్ రేట్ జోన్లు కూడా పనికిరావు. వయసును 0.7తో గుణించి 208 లోంచి తీసేయడం గరిష్ఠ హార్ట్ రేటుకు వాడుకలో ఉన్న ఒక అంచనా. మనిషి మనిషికీ తేడా ఉంటుంది గానీ, ఆ లెక్కన 32కీ 44కీ మధ్య 8 బీట్ల దాకా తగ్గుతుంది. అప్పుడు మీకు తేలిక అనిపించిన అంకె ఇప్పుడు మధ్యరకం శ్రమ కావచ్చు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉన్నా, మీకు బీపీ, షుగర్ ఉన్నా, గట్టిగా తొక్కడం మొదలుపెట్టే ముందు డాక్టర్‌కు చూపించుకోండి. తొక్కుతుంటే ఛాతీలో బిగుతు, దవడలోకో చేతిలోకో పాకే నొప్పి వస్తే వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి, ఇంటికి కాదు.

ఇక సైకిల్. వేలాడదీసిన సైకిల్ పైకి చక్కగానే కనిపిస్తుంది. టైర్లలో గాలి పూర్తిగా తీసేసి, రెండు బొటనవేళ్లతో పక్కగోడను వంచి వెలుతురులో చూడండి. సన్నటి పగుళ్లు తెరుచుకుంటే, పైన రబ్బరు ఎంత మందంగా ఉన్నా సరే, మార్చేయాల్సిందే. ట్యూబులు, వాటి కింద రిమ్ టేపు కూడా కొత్తవే వేయండి. బ్రేక్ ప్యాడ్లు ఎండి గట్టిపడి ఉంటాయి. అవి అరగకపోయినా మార్చండి. తీగలూ వాటి తొడుగులూ అంతే. చైను సంగతి తేల్చడానికి అంగుళాల స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి చూస్తే, కొత్త చైనుకు సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను ఉంటుంది. అది అంగుళంలో పదహారో వంతు దాటిందంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే క్యాసెట్, అంటే వెనక చక్రం మీది పళ్ల పల్లేల కట్ట, కూడా అరిగిపోయి ఉంటుంది.

ఎవరూ చూడని చోటు ఒకటుంది. హ్యాండిల్ టేపు కింద. నా పాత సైకిల్‌కు టేపు విప్పితే బ్రేక్ లివర్ బిగించిన చోట తెల్లటి పొడి కనిపించింది. గోటితో గీకితే కింద చిన్నచిన్న గుంటలు. ఏళ్ల తరబడి ఇంకిన చెమట ఉప్పు అల్యూమినియంను తినేసింది. ఆ హ్యాండిల్ తీసి పారేశాను. దిగుడులో హ్యాండిల్ విరిగితే పట్టుకోవడానికి ఇంకేమీ ఉండదు కాబట్టి ఈ ఒక్క తనిఖీ మాత్రం వదలొద్దని ప్రాధేయపడుతున్నాను. సీటును మోసే గొట్టం, సీట్ పోస్ట్, కూడా ఫ్రేములో బిగుసుకుపోయి ఉండొచ్చు, ముఖ్యంగా ఉక్కు ఫ్రేములో అల్యూమినియం పోస్ట్ అయితే. సుత్తి తీసుకోకండి. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా ఉంచి, మర్నాడు సీటు పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పండి. బయటికొచ్చాక తుడిచి గ్రీజు రాసి పెట్టండి. కార్బన్ అయితే గ్రీజు కాదు, దానికని అమ్మే పేస్ట్ రాయాలి. పన్నెండేళ్ల నాటి హెల్మెట్‌ను మాత్రం ఉంచుకోకండి.

పోస్ట్ మీద మీ పాత సీటు ఎత్తుకు గుర్తుగా టేపు ముక్క ఉందేమో. అది ముప్పైల్లోని మీ తొడ వెనక కండరాలకు, నడుముకు సరిపోయిన కొలత. పన్నెండేళ్లు కుర్చీలో కూర్చున్నాక అదే ఎత్తులో తుంటి అటూ ఇటూ ఊగుతుంది. టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన అమెరికన్ రేసర్ గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారమైన లెక్క ఒకటుంది. గజ్జ నుంచి నేల దాకా కొలిచి 0.883తో గుణిస్తే పెడల్ కడ్డీలు (క్రాంక్) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఎత్తు వస్తుంది. నేను దానికన్నా కాస్త కిందికి పెట్టి మొదలుపెట్టి, ఒళ్లు సాగేకొద్దీ మిల్లీమీటర్ల చొప్పున పెంచుకుంటూ వెళ్లాను. మోకాలి ముందు నొప్పి వస్తే సాధారణంగా సీటు తక్కువైందనో గేరు బరువైందనో అర్థం. వెనక నొప్పి వస్తే సీటు ఎక్కువైందని. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచు దగ్గర నరం నలుగుతోందన్నమాట. హ్యాండిల్ పైకి తెచ్చుకోండి. హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్‌ను తిరగేసి బిగిస్తే చాలాసార్లు ఖర్చు లేకుండానే పని జరుగుతుంది.

సీటు దగ్గర మంట, నొప్పి మొదటి రెండు మూడు వారాలు తప్పవు. మెత్తటి జెల్ కవరు తొడిగితే ఇంకా ఎక్కువవుతుంది, ఎందుకంటే అది కుంగిపోయి ఎముకల మీద పడాల్సిన బరువును మధ్యలోని మెత్తటి భాగాల మీదికి తోస్తుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకేమీ లేకుండా వేసుకోండి. పది నిమిషాలకోసారి పెడల్స్ మీద నిలబడండి.

కొత్త సైకిల్ గురించి. మీరు దూరంగా ఉన్న ఈ పన్నెండేళ్లలో నిజంగానే చాలా మారింది. రోడ్డు రేసుల్లో డిస్క్ బ్రేకులను 2018లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ పూర్తిగా అనుమతించింది. ఇప్పుడు కొత్త రోడ్డు సైకిళ్లలో అవే ఎక్కువ. మనం 23 మిల్లీమీటర్ల టైర్లలో 110 పీఎస్ఐ నింపి తిరిగాం. ఇప్పుడు 28, 30, 32 టైర్లలో అంతకన్నా బాగా తక్కువ గాలితో తొక్కుతున్నారు. మామూలు గరుకు రోడ్డు మీద వేగం తగ్గదు, ఒళ్లు హూనం కాదు. ఇవన్నీ మంచి మార్పులే. కానీ వాటి విలువ తెలియాలంటే ముందు మీ ఒళ్లు ఇప్పుడు ఏ భంగిమను ఒప్పుకుంటుందో తేలాలి. ఆరు నెలలు పాతదాని మీద తొక్కాక కొంటే సరైన కొలత ఉన్నది కొంటారు. అప్పటిదాకా పాత ఫ్రేములో పట్టేంత వెడల్పు టైర్లు, 25 గానీ 28 గానీ, వేసుకుంటే చాలు.

పాత స్థాయికి వస్తానా అన్నారు. ఫ్రాన్స్‌లో రోబేర్ మార్షాన్ అనే ఆయన కుర్రతనంలో తొక్కి, ఇరవైల్లో మానేసి, అరవై దాటాక మళ్లీ మొదలుపెట్టారు. 2012లో, నూరేళ్ల వయసులో, ట్రాక్ మీద గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కారు. 2014లో, 102 ఏళ్లకు, 26.927. ఈ రెంటి మధ్యా ఆయన సాధనను పరిశీలించిన వ్యాయామ శాస్త్రవేత్త వెరోనిక్ బిలా బృందం ఆయన వీఓటూ మ్యాక్స్ కిలో బరువుకు నిమిషానికి 31 మిల్లీలీటర్ల నుంచి 35కు పెరిగిందని నమోదు చేసింది. సాధనలో 80 శాతం తేలికపాటిదే, 20 శాతమే గట్టిది. 44 ఏళ్లకు మీలో ఎంత మిగిలి ఉందో దీన్ని బట్టి చూసుకోండి. నా విషయంలో సుదీర్ఘమైన తొక్కుడు, చదును మీద నిలకడ దాదాపు పూర్తిగా తిరిగొచ్చాయి. దానికి ఏడాది పైనే పట్టింది. రేసు చివర్లో కొట్టే స్ప్రింట్ మాత్రం రాలేదు.

గుంపుతో తొక్కడం మాత్రం కొన్నాళ్లు ఆపుకోండి. ముందువాడి చక్రానికి అడుగు దూరంలో నిలకడగా వెళ్లే నేర్పు, దిగుడులో దూరంగా చూసి ముందే బ్రేకు వేసి వంపులో వదిలేసే ధైర్యం కొంత మొద్దుబారి ఉంటాయి. ఖాళీ రోడ్డు మీద తెలిసిన ఒకే దిగుడును పదే పదే దిగితే అవి వస్తాయి. తర్వాత తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురితో, ఆ తర్వాతే పెద్ద గుంపు.

మీ సైకిల్ ముందు చైన్‌రింగుల మీద, వెనక పెద్ద పల్లెం మీద పళ్ల సంఖ్య ముద్రించి ఉంటుంది. అవీ, చైనును గేరు నుంచి గేరుకు జరిపే వెనక డిరైలర్ మోడల్ పేరూ, చక్రానికీ బ్రేకుకూ మధ్య ఎంత సందు ఉందో కూడా కింద రాయండి. క్యాసెట్ ఒక్కటి మారిస్తే సరిపోతుందా, డిరైలర్ కూడా మార్చాలా, 28 టైరు పడుతుందా అన్నది చూసి చెబుతాను.