ఫ్లాష్ కార్ట్ కొనే ముందు అడాప్టర్ సంగతి చూడు

చి. సాయికి, మామయ్య ఆశీస్సులు.

అటక మీద దొరికిన మీ నాన్న వీడియో గేముకు ఫ్లాష్ కార్ట్, అంటే ఎస్‌డీ కార్డులోని గేముల్ని ఆడించే క్యాసెట్, తెప్పిస్తానన్నావు. తెప్పించు, కానీ ఆర్డర్ పెట్టే ముందు సెట్టు ఎలా ఉందో తేల్చుకో. ఎవర్‌డ్రైవ్ లాంటి మంచి కార్టుకు వేలల్లో పెట్టి, దాన్ని ఏదో ఒక అడాప్టర్‌తో కాల్చేసుకోవడం చాలా తేలిక.

నింటెండో వాళ్ల అసలు జపాన్ గేము సెట్టు ఫామికామ్‌కు కావలసింది 10 వోల్టుల డీసీ, 850 మిల్లీఆంపియర్లు, ప్లగ్గు మధ్యలో నెగటివ్. ఇంట్లో పడుండే వైఫై రౌటర్ అడాప్టర్లలో చాలావాటికి మధ్యలో పాజిటివ్ ఉంటుంది. ప్లగ్గు చక్కగా దూరుతుంది కాబట్టి అనుమానం కూడా రాదు. సెగా వాళ్లయితే మెగా డ్రైవ్ మొదటి మోడల్‌కు మధ్యలో నెగటివ్ ఇచ్చి, రెండో మోడల్‌కు పాజిటివ్ చేశారు. ఇక మన దగ్గర అమ్మిన, ఫామికామ్‌ను పోలిన 60 పిన్నుల నకలు సెట్లకు ఒక పద్ధతంటూ లేదు, అడుగున స్టిక్కర్ ఏం చెబితే అదే. స్టిక్కర్ లేకపోతే మూత విప్పించి, జాక్‌లో ఏ కొస గ్రౌండుకు పోతుందో మల్టీమీటరు బీప్‌తో చూసుకో. ఎర్రగడ్డ ఆదివారం సంతలో అడాప్టర్ కొంటే దాని మీద రాసింది నమ్మకు, మీటరు వెంట తీసుకెళ్లు.

తర్వాతి పని లోపలి 5 వోల్టులు. అడాప్టర్ వోల్టేజీని 5కి తగ్గించే మూడు కాళ్ల 7805 రెగ్యులేటర్ కనిపిస్తుంది. రాత నీ వైపు ఉండేలా చూస్తే ఎడమ కాలు ఇన్‌పుట్, నడిమిది గ్రౌండ్, కుడిది అవుట్‌పుట్. పాత క్యాసెట్ ఒకటి పెట్టి ఆన్ చేసి, మీటరు 20 వోల్టుల డీసీ మీద ఉంచి, నడిమి కాలికీ కుడి కాలికీ మధ్య కొలువు. 4.8 నుంచి 5.2 మధ్య ఉండాలి. అంతకంటే తగ్గితే మామూలు క్యాసెట్ ఆడినా ఫ్లాష్ కార్ట్ మొరాయిస్తుంది, ఎందుకంటే దానికి కరెంటు ఎక్కువ కావాలి. ముందు అడాప్టర్ మార్చి చూడు. అప్పటికీ తక్కువే వస్తే పాత కెపాసిటర్లు పోయి ఉండొచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. మైక్రోఫారడ్ల విలువ అదే ఉండాలి, వోల్టేజ్ అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, తక్కువ మాత్రం పనికిరాదు.

స్లాట్‌లోకి నోటితో ఊదకు. ఆ తేమకే పిన్నులు పాడవుతాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత క్యాసెట్ అంచు తడిపి, సెట్టు ఆఫ్‌లో ఉండగా నాలుగైదుసార్లు పెట్టి తియ్యి. ప్రతిసారీ అంచు తుడిస్తే నల్లటి మురికి వస్తుంది. అది రావడం ఆగాక, పూర్తిగా ఆరనిచ్చి ఆన్ చెయ్యి. ఆన్‌లో ఉండగా ఫ్లాష్ కార్ట్ పెట్టడం, లాగడం ఎప్పుడూ వద్దు.

కార్టు ఎంచుకునేటప్పుడు లోపలి బోర్డు ఫొటో అడుగు. పాత సెట్టు 5 వోల్టుల మీద నడుస్తుంది, కార్టులోని చిప్పులు 3.3 వోల్టులవి. మధ్యలో ఆ వోల్టేజ్ తేడాను సర్దే లెవెల్ షిఫ్టర్ చిప్పులు లేని చవక కార్టు కొన్నాళ్లు ఆడినా, లోలోపల అటు కార్టునూ ఇటు సెట్టునూ తినేస్తుంది. నా మాట వింటే అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు. ఇంకోటి, మూత విప్పినప్పుడు చిప్పుల బదులు నల్లటి బొట్టు కనిపిస్తే అది ఒకే చిప్పు నకలు సెట్టు. అలాంటివాటిలో కార్టు నడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. వాపసు ఒప్పుకునే చోటే కొను. ఫామికామ్‌లో శబ్దం 45, 46 పిన్నుల ద్వారా క్యాసెట్‌లోకి వెళ్లి తిరిగొస్తుంది. కొన్ని నకలు సెట్లలో ఆ దారి ఉండదు కాబట్టి, క్యాసెట్‌లోనే అదనపు సౌండ్ చిప్పు ఉన్న జపాన్ గేముల్లో ఆ సంగీతం వినిపించదు. అది కార్టు తప్పు కాదు.

ఎస్‌డీ కార్డు 8 జీబీ చాలు. చిన్న ఫామికామ్ గేము 24 కేబీ, లైసెన్సు గేముల్లో అతి పెద్దది 1 ఎంబీ. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌ అనే ఫార్మాట్‌లో వస్తాయి, చాలా కార్టులు దాన్ని చదవలేవు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, తయారీదారు ఇచ్చిన సిస్టమ్ ఫోల్డర్ లోపలెక్కడో కాకుండా కార్డులో పైనే పెట్టు. కార్డు నకిలీదేమో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే కంప్యూటర్ ప్రోగ్రాముతో ముందే పరీక్షించు. గేము ఫైళ్లు మీ నాన్న క్యాసెట్ల నుంచి డంపర్‌తో (క్యాసెట్‌లోని గేమును కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం) తీసుకో, లేదా ఇప్పటి వాళ్లు రాసి ఉచితంగా ఇచ్చే హోమ్‌బ్రూ గేములు ఆడు.

బొమ్మ చెడితే ముందు కార్టు మెనూ చూడు. మెనూలోనే చెత్త గీతలుంటే స్లాట్ మురికో కరెంటో కారణం. మెనూ శుభ్రంగా ఉండి ఒక్క గేమే చెడితే, ఆ ఫైలు మొదట్లోని 16 బైట్ల హెడర్‌లో మ్యాపర్ నంబరు, అంటే క్యాసెట్ లోపలి బోర్డు రకం చెప్పే అంకె, తప్పై ఉండొచ్చు. సరైన ఫైలు పెడితే సరిపోతుంది, సెట్టు విప్పక్కర్లేదు.

ఆట ఆపేటప్పుడు తొందరపడి స్విచ్ కట్టేయకు. కొన్ని కార్టుల్లో రీసెట్ నొక్కి మెనూకు వస్తేనే సేవ్ కార్డులోకి ఎక్కుతుంది. నువ్వు కొనేదాని మాన్యువల్‌లో ఆ పేజీ ఒక్కటైనా చదువు.

స్టిక్కర్ ఫొటో, 7805 దగ్గర వచ్చిన అంకె వాట్సాప్‌లో పంపు. ఏ కార్టు తెప్పించాలో అవి చూసి చెప్తాను.

మీ మామయ్య