స్వతంత్ర గవర్నరు మలి పోటీపై రాయబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అమెరికాలో ఏ పార్టీకీ చెందని గవర్నరు బహుముఖ పోటీలో మళ్లీ నిలబడితే ఆ ఎన్నికను ఎలా విశ్లేషించాలని అడిగావు. అక్కడి గవర్నరు మన గవర్నరులా నియమితుడు కాడని, మన ముఖ్యమంత్రిలా పాలన నడిపేవాడని, ప్రజలే నేరుగా ఎన్నుకొంటారని మొదట్లోనే చెప్పు.

తొలి గెలుపును మలి పోటీకి కొలబద్దగా పెట్టుకోవద్దు. మెయిన్ రాష్ట్రంలో 1994లో స్వతంత్రుడు ఆంగస్ కింగ్ గెలిచింది సుమారు 35 శాతం ఓట్లతోనే; డెమొక్రాట్, మాజీ గవర్నరు జోసెఫ్ బ్రెన్నన్‌కు 34 శాతం, రిపబ్లికన్ సుసాన్ కాలిన్స్‌కు 23 శాతం దాకా వచ్చాయి. సగం దాటకపోయినా అందరికన్నా ఎక్కువ ఓట్లు వస్తే చాలు కాబట్టి చీలిక ఆయనను గట్టెక్కించింది. 1998లో ఆ అవసరమే రాలేదు. ఆయనకు దాదాపు 59 శాతం రాగా, రిపబ్లికన్ జేమ్స్ లాంగ్లీ జూనియర్ 19 శాతం దగ్గర, డెమొక్రాట్ థామస్ కానొలీ 12 శాతం దగ్గర ఆగిపోయారు. (ఈ లాంగ్లీ తండ్రి 1974లో స్వతంత్రుడిగానే గెలిచి, ఒక్క పదవీకాలంతో తప్పుకొంటానన్న మాట నిలుపుకొన్నాడు.) అందువల్ల బరిలో ఎందరున్నారన్నది కాక, పెద్ద పార్టీల సొంత ఓటర్లు ఎంతమంది గీత దాటి వచ్చారన్నది చూడు; రెండు ఎన్నికల ఫలితాలనూ కౌంటీల (మన జిల్లాల వంటివి) వారీగా పక్కపక్కన పెడితే అది బయటపడుతుంది.

అలాస్కా ఇందుకు భిన్నం. 2014లో డెమొక్రాటిక్ అభ్యర్థి బైరన్ మాలట్ తన పోటీ మానుకొని లెఫ్టినెంట్ గవర్నరు (ఉప గవర్నరు) స్థానానికి స్వతంత్ర అభ్యర్థి బిల్ వాకర్ జతగా నిలిచాడు కనుక, అప్పటి రిపబ్లికన్ గవర్నరు షాన్ పార్నెల్ వ్యతిరేకులు చాలావరకు ఒక్కచోట చేరారు; వాకర్ గెలిచాడు. తర్వాత చమురు ఆదాయం పడిపోవడంతో, ఏటా పౌరులకు పంచే శాశ్వత నిధి డివిడెండును వాకర్ 2016లో దాదాపు సగానికి తగ్గించాడు. అది ఇంటింటికీ తగిలిన దెబ్బ. 2018లో వాకర్ మళ్లీ పోటీకి దిగగా, డెమొక్రాట్లు ఈసారి మార్క్ బెగిచ్‌ను నిలిపారు. అక్టోబరులో మాలట్ రాజీనామా చేశాడు, మూడు రోజులకు వాకర్ ప్రచారం విరమించాడు, రిపబ్లికన్ మైక్ డన్లీవీ 51 శాతం దాటి గెలిచాడు.

ఓట్లు చీలి బెగిచ్ ఓడాడని ఇక్కడ రాయాలనిపిస్తుంది, తొందరపడకు. బ్యాలెట్‌పై మిగిలిపోయిన వాకర్ పేరుకు పడిన 2 శాతాన్ని బెగిచ్ ఓట్లకు కలిపినా డన్లీవీని అందుకోలేదు. అభ్యర్థి తప్పుకొన్నా పేరు ఉండిపోతుందా, సర్వేలో ఎంతమంది పేర్లతో ప్రశ్న అడిగారు అన్నవి సరిచూసుకొన్నాకే అంచనా రాయి.

ఇట్లు,
మామయ్య