చెక్క చెస్ సెట్‌కు ఏ కస్టమ్స్ (HS) కోడ్?

మీరు దిగుమతి చేసుకునే యాభై చెక్క చెస్ సెట్లకు మీ కస్టమ్స్ ఏజెంట్ చెక్క అలంకార వస్తువులని 4420 వేశారు, సప్లయర్ బొమ్మలని 9503 రాశారు. రెండూ కాదండీ. చెస్ సెట్ వెళ్లేది 9504 హెడ్డింగ్ కిందికి, ఆరంకెల కోడ్ 9504.90. చెక్కైనా, ప్లాస్టిక్ అయినా, రాయైనా ఇదే. 44వ అధ్యాయం మొదటి నోట్ 95వ అధ్యాయపు వస్తువులను బయట పెడుతుంది, ఏజెంట్‌కు అదే చూపించండి. విడిగా తెప్పించే అదనపు మంత్రులు కూడా 95వ అధ్యాయం 3వ నోట్ ప్రకారం ఇక్కడికే వస్తాయి. ఆరంకెల తర్వాతవి, సుంకం రేటు మాత్రం దిగుమతి చేసుకునే దేశపు టారిఫ్‌లో చూడాలి.

ఇన్‌వాయిస్‌లో 'గిఫ్ట్ ఐటమ్' అని ఉంటే మార్పించండి. సగం గొడవలు ఆ మాటతోనే మొదలవుతాయి. 'ఆడుకునే చెస్ సెట్, మడత బోర్డు, 32 పావులు' అని ఉండాలి.

నాకైతే కోడ్ కన్నా కలప గురించే టెన్షన్. నల్ల పావులు రోజ్‌వుడ్‌వా? నల్లవాటికి తరచూ వాడే షీషమ్‌తో సహా డాల్బెర్జియా (రోజ్‌వుడ్ చెట్ల) జాతి మొత్తం 2017 నుంచి సైటీస్ (ప్రమాదంలో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది. తయారైన వస్తువుల్లో ఆ కలప ఒక షిప్‌మెంట్‌లో 10 కిలోలు దాటకపోతే సైటీస్ మినహాయిస్తుంది. మీవి యాభై సెట్లు కదా, ముందు తూకం వేయించండి.